విశ్వాసమును సత్క్రియయు: పర్చూరు సీమనుండి యొక విచారము

పర్చూరు ప్రాంతమున చదువుకొన్న పెద్దమనుష్యులు నలుగురు కూడినచోట క్రైస్తవమతము ప్రసంగమునకు వచ్చెనా, ఒక మాట వెంటనే పుట్టుచుండును: "వారికేమి, నమ్మిన చాలునట! మంచి చేయవలసిన పనియే లేదట!" ఈ మాట యనువారిలో బైబిలును తెఱచి చూచినవారు కొలదిమంది. చూచినవారును కొండమీది ప్రసంగమును మెచ్చుకొని, పౌలు పత్రికలయొద్దకు రాగానే పుస్తకమును మూయుదురు. బ్రాహ్మధర్మము నాదరించు మనమును ఈ దోషమునకు దూరులము కాము. క్రీస్తుబోధలను గౌరవించి క్రైస్తవసిద్ధాంతమును తోసివేయుట రామమోహనరాయలవారి కాలమునుండియు మనకు వచ్చిన యలవాటు. ఆ యలవాటులో వివేకమెంత, అలసత యెంత యని యీ పాఠమున విచారింప దలచితిమి.

మొదట పౌలు మాట. రోమీయులకు వ్రాసిన పత్రిక మూడవ నాల్గవ యధ్యాయములలోను, గలతీయులకు వ్రాసిన పత్రికయందును ఆయన వాదించిన దేమనగా, మనుష్యుడు ధర్మశాస్త్రక్రియలచేత గాక విశ్వాసముచేతనే దేవుని యెదుట నీతిమంతుడుగా నెంచబడును. ఇచ్చట "క్రియలు" అను పదమును మనము తొందరపడి దానధర్మములని యర్థము చేసికొందుము. ఆనాటి సంఘములలో రగులుచుండిన వివాదము వేఱు. యూదులు కాని జనులు క్రీస్తును ఆశ్రయించినపుడు వారు మొదట సున్నతి పొందవలెనా, యూదుల భోజననియమములను దినముల యాచారములను పాటింపవలెనా యనునది ప్రశ్న. అక్కరలేదని పౌలు గట్టిగా నిలిచెను. జందెము లేనివాడు దేవుని సన్నిధికి రాజాలడా యని బ్రాహ్మసామాజికు లడిగిన ప్రశ్నయు, సున్నతి లేనివాడు రాజాలడా యని పౌలు అడిగిన ప్రశ్నయు తోబుట్టువులు. మడియు తద్దినమును మానిన మనవాడు పౌలును చూచి ముఖము చిట్లించుకొనుట వింతగా నున్నది.

అయినను పౌలు వాదము ఆచారఖండనముతో ముగియలేదు. మనుష్యుడు తాను చేసిన మేలును చూపి దేవునియొద్ద జీతమువలె ఫలము నడుగరా దనియు, అట్లడుగువాని మేలు అతిశయమునకే పునాది యగు ననియు ఆయన భావము. సత్రము కట్టించి, గుమ్మమున కెదురుగా శిలాఫలకము నాటించి, దానిపై తనపేరు పెద్ద యక్షరములతో చెక్కించు దాతను మన మెఱుగుదుము. సత్రమున నిద్రించు బాటసారికి నీడ దొరకుట నిజమే. దాతకు దొరకిన దేమి యని పౌలు ప్రశ్న.

ఇక యాకోబు వ్రాసిన చిన్నపత్రిక. దాని రెండవ యధ్యాయము పౌలునకు సూటిగా ప్రత్యుత్తరమా యన్నట్లుండును. బట్టలేక, ఆనాటి కూడు లేక యున్న సోదరునితో చలి కాచుకొనుమనియు కడుపార తినుమనియు తీయగా పలికి, ఏమియు నీయక పంపివేయువాని విశ్వాసము ప్రాణములేని కళేబరమువంటి దని యాయన నిర్ణయము. ఇద్దరును అబ్రాహామునే సాక్షిగా పిలుతురు. పౌలు, దేవుని వాగ్దానమును నమ్మి నక్షత్రములను చూచిన యబ్రాహామును చూపును. యాకోబు, కొడుకును బలిపీఠముపై నుంచిన యబ్రాహామును చూపును. ఆదికాండమున మొదటికథ పదునైదవ యధ్యాయము, రెండవది యిరువదిరెండవది. మనుష్యు డొక్కడే, నడుమ నడచిన జీవిత మంతయు వారి వాదమున మిగిలిపోయిన భాగము.

యాకోబుపత్రికయందు మనము తప్పించుకొనరాని పోటు ఒకటి గలదు. దేవు డొక్కడే యని నమ్ముట యేమి గొప్ప, ఆపాటి నమ్మకము దయ్యములకును గలదు, వణకును గలదని యాయన యెత్తిపొడుచును. ఏకేశ్వరవాదమే సకలసంస్కరణమునకు మూలమని ఉపన్యసించు మన వేదికలపై ఈ వాక్యమును చదివిన సందర్భ మొక్కటియు మాకు జ్ఞప్తికి రాదు. అదే యధ్యాయము ఆరంభమున ఇంకొక దృశ్యము గలదు: బంగారుటుంగరము పెట్టుకొని వచ్చినవానికి మంచి పీఠమును, మురికిబట్టల పేదకు నిలుచుటకు చోటును చూపు సభ. ఈ సభను మఱవక యుంచుకొనుడు. మరల దానియొద్దకు రావలసియున్నది.

పదునాఱవ శతాబ్దమున జర్మనీదేశమున లూథరు ఈ వివాదమును మరల రేపెను. 1522 లో ప్రకటించిన తన క్రొత్తనిబంధన భాషాంతరమున, రోమీయపత్రికలో మూలమున లేని "మాత్రమే" యను పదమును విశ్వాసమునకు జేర్చెను. యాకోబుపత్రికను గడ్డితో పోల్చి తక్కువ చేసెను. రోమను సంఘమువారు 1547 లో ట్రెంటుసభయందు దీనికి బదులుగా దేవునికృపతో మనుష్యుని సమ్మతియు సహకారమును గూడవలెనని శాసించిరి. కాని ఆ లూథరే రోమీయపత్రికకు వ్రాసిన పీఠికలో, నిజమైన విశ్వాసము ఊరకుండనేరదనియు, మేలు చేయవలెనా యని యెవరైన నడుగకమునుపే చేసి ముగించుననియు బోధించెను. నాలుగువందల యేబదియేండ్ల పోరాటము పిమ్మట, 1999 అక్టోబరు 31 వ తేదీని ఆగ్స్‌బర్గు నగరమున రోమను కథోలికులును ప్రపంచ లూథరను సమాఖ్యయు నీ విషయమున ప్రధానాంశములయందు ఏకీభవించితిమని వ్రాలు చేసిరి. రక్షణము కృపచేతనే, సత్క్రియ దాని ఫలము, ఫలించకుండుట కాదు. పండితులు దీనిని పెద్దవార్తగా నెంచిరి. మన గుంటూరుసీమ గ్రామములలో ఎవ్వరును గమనించినట్లు లేదు.

ఈ తగవు పరదేశపు సరకని తలపరాదు. శ్రీవైష్ణవులలో తెంగలై వడగలై శాఖలు తగవులాడినది దీనికొఱకే కదా! పిల్లిపిల్లను తల్లి నోట కఱచుకొని మోయును. కోతిపిల్ల తల్లికడుపును తానే పట్టుకొనవలెను. భగవంతుని కృపయందు జీవుని పాలెంత యను ప్రశ్నను మనవారు మార్జాలకిశోర మర్కటకిశోర న్యాయములని పేరిడి నూఱులయేండ్లు చర్చించిరి. అట్టి సంప్రదాయమున బుట్టినవారు "నమ్మిన చాలునట" యని పరిహసించుట తమ పూర్వుల పాండిత్యమును తామే మఱచుట.

రామమోహనరాయలవారు 1820 లో క్రీస్తుబోధలను మాత్రము సువార్తలనుండి యేర్చి, అద్భుతములను సిద్ధాంతములను విడిచి, శాంతిసౌఖ్యములకు మార్గదర్శిగా ప్రకటించిరి. శ్రీరామపురపు మిషనరీ మార్ష్మను దీనిపై తీవ్రముగా విమర్శించెను. రాయలవారు 1820, 1821, 1823 సంవత్సరములలో మూడు విజ్ఞాపనములు వ్రాసి సమాధాన మిచ్చిరి; మూడవదానిని అచ్చువేయుటకు బాప్తిస్టుమిషను ముద్రణాలయమువారు నిరాకరింపగా వేఱుగా అచ్చుకూట మేర్పఱచుకొనవలసివచ్చెను. మన పక్షపువా రెల్లరు ఈ వాదమున రాయలవారిదే జయమని చెప్పుదురు. వాదమువఱకు మేమును అట్లే చెప్పుదుము. కాని మార్ష్మను ఒక సంగతిని పట్టుకొనెను: బోధ యెంత నిర్మలమైనను, బోధించిన మాత్రమున మనుష్యునికి దానిని చేయు బలము కలుగునా? ఆయన యిచ్చిన యుత్తరము, అనగా క్రీస్తు సిలువపై చేసిన ప్రాయశ్చిత్తమను సిద్ధాంతము, మాకు సమ్మతము గాదు. ప్రశ్న మాత్రము ఇప్పటికిని మన యింటిగుమ్మమున గూర్చుండియున్నది.

కాగితముపై తెగని యీ వ్యాజ్యము మన నేలమీద ఎట్లు నడచెనో చూతము. పర్చూరు మొదట గుంటూరుజిల్లాలోను, 1970 లో ఏర్పడిన ఒంగోలుజిల్లాలోను (దానికే 1972 లో ప్రకాశమని పేరిడిరి), 2022 నుండి బాపట్లజిల్లాలోను ఉన్నది. జిల్లాపేళ్ళు మాఱినను ప్రత్తియు మిరపయు పండు నల్లరేగడి యొక్కటే; ఊరికొక మాలపల్లెయు మాదిగపల్లెయు దూరముగా నుండుటయు నొక్కటే. ఉత్తరమున గుంటూరునకు 1842 లో లూథరను మిషనరీ హెయరు వచ్చెను. దక్షిణమున ఒంగోలునకు 1866 లో అమెరికను బాప్తిస్టు మిషనరీ క్లౌ వచ్చెను. విశ్వాసము మాత్రమే యని లూథరు చెప్పిన బోధకు వారసులు ఒకవైపు, విశ్వాసమును స్వయముగా నొప్పుకొనినవానికే బాప్తిస్మ మిచ్చువారు ఒకవైపు. నడుమ మన పల్లెలు.

క్లౌ రాకకు కొంచెము ముందుగా ఎఱ్ఱగుంట్ల పేరయ్య యను మాదిగ బాప్తిస్మము పొందెను. ఆయన ఊరు తాళ్ళకొండపాడు. ఆయన యంతకుమునుపే యోగమార్గమున గురువు నాశ్రయించి సాధన చేసినవాడు. విగ్రహములపై నమ్మకము విడిచినవాడు. ఆయన పిలుపున క్లౌ 1867 లో ఆ ప్రాంతమునకు పోయి యిరువదియెనిమిదిమందికి బాప్తిస్మ మిచ్చెను. ఒంగోలులో అంతవఱకు స్నేహముగా నుండిన అగ్రవర్ణములవారు, మాదిగలను చేర్చుకొన్నచో తాము రామనిరి. వారి బాలురు బడి విడిచిరి. క్లౌ మాదిగలను విడువలేదు. పెద్దమనుష్యుల స్నేహమును గోలుపోవుట ఆ సంఘముయొక్క మొదటి సత్క్రియ యని మేము లెక్కింతుము.

ఆ పల్లెలలో క్రొత్తగా చేరువారిని అడిగిన నియమములు ముఖ్యముగా మూడు: ఆదివారమున పని మానవలెను, చచ్చిన పశువు మాంసము తినరాదు, విగ్రహములకు మ్రొక్కరాదు. పట్టణమున గూర్చుండి చదువువారికి ఇవి చిన్ననియమములుగా, పైపెచ్చు పౌలు కాదన్న యాచారములవంటివిగా దోచును. పల్లెలో వాని బరువు వేఱు. ఊరిపశువు చచ్చినచో దానిని లాగుకొనిపోవుట మాదిగ విధి. మాంసము వాని కూడు. తోలు వాని వృత్తి. ఆ తోలుతోనే రైతునకు చెప్పులును, నీరు తోడు బానలును. మాంసము తినమనగానే, గ్రామము వానిని నిలిపిన మెట్టు క్రింద నిక నుండనని చెప్పినట్లయ్యెను. అమ్మవారి జాతరలో డప్పు కొట్టుట వాని బాధ్యత. మ్రొక్కమనగా డప్పు నిలిచెను. ఆదివారము రాననగా కరణముయొక్కయు మునసబుయొక్కయు వెట్టి నిలిచెను. ఇందుకై దెబ్బలు తినినవారును, దొంగనేరములు మోపబడినవారును, ఊరిపనినుండి తొలగింపబడినవారును గలరు. వారికి రోమీయపత్రిక తెలియదు. పెక్కుమందికి అక్షరమే రాదు. విశ్వాస మేది, క్రియ యేది యని విడదీసి చూపుమని వారి నడిగియుండిన, ఆ ప్రశ్న వారికి అర్థమయ్యెడిది కాదేమో.

పిమ్మట 1876 మొదలు 1878 వఱకు మదరాసు రాజధానిని పీడించిన గొప్పకఱవు వచ్చెను. మిషనరీ కాకమునుపు భూమి కొలతపని చేసియుండిన క్లౌ, బకింగుహాము కాలువలో మూడున్నర మైళ్ళ త్రవ్వకమును గుత్తకు తీసికొని, ఆకలిచే వచ్చినవారి కెల్ల కూలి యిచ్చెను. మాదిగబోధకులే మేస్త్రీలు, పని యాగినవేళల బోధయు జరిగెను. ఇచ్చటనే మన పెద్దమనుష్యుల ఆక్షేపణము పుట్టును: కూటికొఱకు కలసిన మతమని. క్లౌ ఈ యాక్షేపణమును ముందుగానే యెఱిగి, కఱవుసాయము నడచు దినములలో పదునైదుమాసములు బాప్తిస్మములను నిలిపివేసెను. వేలకొలది జనులు అడుగుచుండగా నిరాకరించెను. చేసిన మేలు విశ్వాసమునకు లంచము గారాదని ఆయన భయము. మేలు చేయువానికి ఇట్టి భయము కలుగుట అరుదు.

సాయధనము ముగిసి, ఇచ్చుట కేమియు లేని 1878 లో జనులు మరల వచ్చిరి. తమకు సొమ్మక్కరలేదు, బాప్తిస్మము కావలెననిరి. జూలై 3 వ తేదీని, ఒంగోలునకు ఉత్తరమున గుండ్లకమ్మయొడ్డున నున్న వెల్లంపల్లివద్ద ఒక్కదినమున 2,222 మంది బాప్తిస్మము పొందిరి. ఏటిలో దిగి బాప్తిస్మ మిచ్చినవారు ఆఱుగురు దేశీయబోధకులు, ఒకమాఱు ఇద్దరుచొప్పున. దొర గట్టుపై నుండెను. ఆ యేడు ముగియులోపల చేరినవారు 9,606 మంది. వారందఱి మనస్సులను ఎవరు తూచగలరు? కొందఱు కృతజ్ఞతచేత, కొందఱు బంధువుల వెంట, కొందఱు ముందుకఱవును తలచుకొనియు వచ్చియుందురు. అయినను వారు ఇంటికి పోయిన మరునాడే ఆ మూడునియమములు ఎదురుగా నిలిచినవి. కూటికై చేరిన మతము కూటినే విడువుమన్నప్పుడు, నిలిచినవాని విశ్వాసమును శంకించుట మా చేతగాదు.

ఈ సంగతుల ఫలము సముద్రము దాటి పోయినది. క్లౌ రెండవభార్యయైన ఎమ్మా రౌషెన్‌బుషు ఈ మాదిగల కథలను 1899 లో గ్రంథముగా ప్రకటించెను. భర్త 1910 లో మరణించిన పిమ్మట ఆయన యాత్మకథను 1914 లో వెలువరించి, దానికి ప్రాచ్యదేశమున సాంఘికక్రైస్తవమను నర్థమువచ్చు పేరిడెను. ఆమె సోదరుడు వాల్టరు రౌషెన్‌బుషు. 1907 లో ఆయన వ్రాసిన గ్రంథము, ఒక్కొక్క యాత్మను రక్షించిన చాలదనియు, కూలినిచ్చు పద్ధతియు నివాసములును చట్టములును గూడ దేవునిరాజ్యమునకు లోబడవలెననియు అమెరికా సంఘములను కలతపెట్టినది. ఒంగోలుపల్లెలే ఆయనకు గురువులని మేము చెప్పము. ఒక్క యింటిలోనివారు రెండు ఖండములయందు ఒక్క ప్రశ్ననే మోసిరని మాత్రము చెప్పుదుము. లూథరను పక్షమునను ఇట్టిదే జరిగినది. వైద్యురాలు అన్నా కుగ్లరు 1883 లో గుంటూరునకు వచ్చినపుడు మిషనువారు ఆమెను స్త్రీలకు చదువు చెప్పుటకే పంపిరి. రోగులు ఆమె గుమ్మము విడువకుండిరి. 1898 లో స్త్రీల యాసుపత్రి తెఱవబడెను. సువార్తధనమును మందులకు వెచ్చింపవచ్చునా యను సందేహమును సిద్ధాంతులకంటె ముందుగా రోగులే తీర్చిరి.

ఇంతవఱకు మెచ్చితిమి, ఇక మెచ్చరానిది. మన జిల్లాలలో లూథరను సంఘమున మాలలును, బాప్తిస్టు సంఘమున మాదిగలును హెచ్చుగా చేరిరి. క్రీస్తునందు భేదము లేదని ఒక్క పుస్తకమునే చదువుచు, తరములు గడచినను పెండ్లికి పాతగీతను దాటనివారు రెండువైపులను గలరు. తరువాత అగ్రవర్ణములనుండి చేరినవారిలో పెక్కుమంది తమ పేళ్ళతోపాటు తమ దూరమును తెచ్చుకొనిరి. యాకోబు వర్ణించిన బంగారుటుంగరపు సభ మన యూళ్ళలో గోడకట్టి సున్నము కొట్టించుకొని నిలిచియున్నది. విశ్వాసముచేతనే రక్షణమని బోధించువారు ఈ గోడకు వివరణ మీయవలెను. పౌలు యుద్ధము చేసినది గోడతోనే కదా!

ఆ గోడను చూపి మనము సంతోషింపవచ్చునా? పర్చూరునకును చీరాలకును నడుమ కారంచేడను గ్రామము గలదు. 1985 జూలైలో అచ్చట మాదిగలు త్రాగునీటికై వాడుకొను చెఱువుగట్టున పశువుల కుడితి బకెట్లు కడుగగా ఒక మాదిగస్త్రీ అడ్డుపడెను. చేయెత్తినవానిపై ఆమె తన నీళ్ళబిందె నెత్తెను. మరునాడు, జూలై 17 న, భూస్వామివర్గమువారు గుంపుగా పల్లెపై బడిరి. ఆఱుగురు మాదిగలు హతులైరి, స్త్రీలు అవమానింపబడిరి. ప్రాణములు దక్కినవారు చీరాలకు పరుగెత్తి క్రైస్తవదేవాలయ ప్రాంగణమున తలదాచుకొనిరి. హతులలో బైబిలుపేళ్ళవా రుండిరి. ఒకప్పుడు చచ్చిన పశువుమాంసము తినమని చెప్పినవారి సంతతియే. ఆ స్త్రీ బిందె నెత్తుటలో విశ్వాసమెంత, క్రియ యెంత యని విభాగించువాడు ఏ సంఘమునకు చెందినను మాకు పండితుడుగా దోపడు.

దేవు డొక్కడు, మనుష్యులందఱు సోదరులు అను మతము మనది. ఈ మాటలలో దిద్దవలసిన దేమియు లేదు. అవి నిర్దోషములు గనుకనే మనము వానిలో విశ్రమించుచున్నాము. పాఠశాలలు పెట్టిన, వితంతువులకు పెండ్లిండ్లు చేసిన మన పూర్వులు, 1881 డిసెంబరు 11 న రాజమహేంద్రవరమున మొదటి వితంతువివాహము నడపిన వీరేశలింగముగారు మొదలైనవారు, సిద్ధాంతము నిర్మలమైనదని యూరకుండలేదు. వెలి, శాపములు, రాళ్ళు వారికి దొరకినవి. మన తరమున ఉపన్యాసమునకు శాలువ దొరకుచున్నది. క్రైస్తవుడు "నమ్మిన చాలును" అనుకొనునని మనము చేయు నింద, "నమ్మకము నిర్దుష్టమైన చాలును" అనుకొను మన యలవాటుకంటె ఎంత దూరమున నున్నదో కొలచి చూడవలసియున్నది. మార్ష్మను వేసిన ప్రశ్నకు సిద్ధాంతరూపమైన యుత్తరము మాయొద్ద లేదు. పేరయ్యకు బలమెచ్చటనుండి వచ్చెనని యడిగిన, ఆయన క్రీస్తునుండి యనును; ప్రార్థనవలన పరమాత్మయొక్క సన్నిధినుండి వచ్చుననియే మేము చెప్పగలము. పేళ్ళు వేఱైనను, ఇద్దరిలో ఆ బలము వచ్చినదని చూపవలసినవారము మేమే.

తరువాతి సమావేశమునకు వచ్చు మిత్రులు రోమీయపత్రిక మూడు నాలుగు అధ్యాయములను, పిదప యాకోబుపత్రికను ఒక్క సాయంకాలమున బిగ్గరగా చదివి రావలెనని కోరుచున్నాము. రెండవది ఐదధ్యాయములే, అరగంటకు మించదు. మత్తయి సువార్త యిరువదియైదవ యధ్యాయము చివరిభాగమును గూడ చూడవలెను. అచ్చట తీర్పునకు నిలిచిన నీతిమంతులకు, ఆకలిగొన్నవానికి తాము అన్నము పెట్టినట్లే జ్ఞాపకముండదు. పౌలు యాకోబుల తగవున ఈ మఱపునకు ఏ స్థానమున్నదో విచారించి రండు. చర్చ అచ్చటనుండి మొదలుపెట్టుదము.